తడిగోనె

మా ఇంటికి ఫ్రిజ్జు వచ్చిన రోజున మా మామగారు దానికి పసుపు రాయించి, బొట్లు పెట్టించి, కొబ్బరికాయ కొట్టారు. వంటింట్లో పెడితే ఎవరికి కనబడుతుంది? అందుకని సావిట్లో, వీధిగుమ్మానికి ఎదురుగా నిలబెట్టారు. మా అరుగెక్కినవాళ్లు ముందు ఫ్రిజ్జుని చూడాలి, తరవాతే మా మామగారిని. దాని నెత్తిన మా అత్తగారు అల్లిన ఊలు గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలు. లోపల ఏముండేవయ్యా అంటే నాలుగు నీళ్ల సీసాలు, పెరుగు గిన్నె, పొట్లం కట్టిన మల్లెపూలు. ఆ సంబడానికి మళ్లీ తాళం ఒకటి.

మా మామగారు వెంకటరామారావు గారు కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చి, టేకులపల్లి దాటాక అడవి అంచున మిరపతోటలు వేసిన మనిషి. "ఈ అడవిని నేను బాగుచేశాను" అనేవారు వచ్చినవాళ్లందరితో. చెట్లు కొట్టింది లంబాడీలు, మోళ్లు పెకలించింది లంబాడీలు. ఆయన గొడుగేసుకుని గట్టు మీద నిలబడ్డారు. గొడుగు పట్టుకుంది కూడా ఆయన కాదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మూడో ఏడు, ఎనభై ఆరు ఎండాకాలం, ఆ ఫ్రిజ్జు కోసం ఒక డాక్టరు వచ్చాడు. హైదరాబాదు నుంచి జీపు, జీపులో మంచుపెట్టె, పెట్టె పక్కన ఆయన. ఏడాది నిండని పిల్లలకి తట్టు టీకా వేసి, వేసేముందు కాస్త రక్తం, నెల పోయాక కాస్త రక్తం తీసి, ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి ఎంత పుట్టిందో చూస్తాడట. అదీ లంబాడీ పిల్లల్లోనే చూస్తాడట. దగ్గర్లోని ఆసుపత్రిలో ఫ్రిజ్జు కాలిపోయింది. మా ఫ్రిజ్జు సంగతి ఎవరో చెప్పారు.

"ఇకనుంచి మీ ఇల్లే మాకు లాబొరేటరీ అనుకోండి రావుగారూ" అన్నాడు కాలు మీద కాలేసుకుని.

ఆ ముక్కతో మా మామగారు పూరీలా పొంగిపోయారు. ఆయన అప్పటికే మండలాధ్యక్షుడి పదవి మీద కన్నేసి ఉన్నారు. నీళ్ల సీసాలు తీసేయించి, పై అర మొత్తం ఖాళీ చేయించి, తాళంచెవి స్వయంగా డాక్టరు చేతికిచ్చి, మళ్లీ స్వయంగా వెనక్కి పుచ్చుకుని మా అత్తగారి కొంగుకి కట్టించారు.

మా అత్తగారు సీతారావమ్మ గారు మజ్జిగ గ్లాసు అందిస్తూ అడిగారు. "ఆ బుడ్డీల్లో ఏముంటుంది నాయనా?"

మందమ్మా అంటే సరిపోయేది. కాని తన చదువు ఎవరికి చూపించుకోవాలి మరి?

"కోడిపిండం కణాల్లో పెంచిన వైరస్ అమ్మా. బతికున్న వైరస్సే, కాకపోతే బలం తీసేస్తాం. అది పిల్లల ఒంట్లోకి పోయి, రేపు అసలు రోగం వస్తే ఎలా కొట్టాలో ఒంటికి నేర్పిస్తుంది. ఒకటే జాగ్రత్త, చల్లగా ఉండాలి. వేడి తగిలితే చచ్చిపోతుంది. చచ్చినదాన్ని పొడిస్తే ఉత్త నీళ్లు పొడిచినట్టే."

అంత ఉపన్యాసంలో మా అత్తగారి చెవిన పడింది కోడి ఒక్కటే. మొహం ముడుచుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ మొహం చూడాల్సింది డాక్టరు. ఆయన జంతికలు చూసుకుంటున్నాడు.

సాయంత్రం తండా పెద్ద హాతీరాం నాయక్‌ను పిలిపించారు. కింది తండాకీ, గుట్ట మీది పై తండాకీ ఆయనే పెద్ద. తెల్ల తలపాగా, చెవులకి పోగులు, తొందరపడని మనిషి. డాక్టరు చేతులు తిప్పుతూ పావుగంట చెప్పాడు. నాయక్ అరుగు కింద నిలబడి అంతా విన్నాడు.

"సూది మంచిదేనా సారూ?"

"చాలా మంచిది."

"అట్లయితే ముందుగాల రావుగారి మనవనికి పొడువుండ్రి. అదే సీసాలకెల్లి మా పోరగాళ్లకు పొడువుండ్రి. మా తండల కొత్త బాయి తవ్వితే, తవ్వించినోడే ముందుగాల తాగాలె. ఆయన తాగినంకనే ఊరు తాగుతది. గిది గూడ గట్లనే."

డాక్టరు నవ్వు దాచుకోలేకపోయాడు. మా మామగారు మాత్రం తొడ కొట్టినంత పని చేశారు. "ఓస్, అంతేనా! మా కోదండానికే మొదటి సూది. నా మాట!"

కోదండం నా కొడుకు. పది నెలలవాడు. వాడికి సూది వేయించాలా వద్దా అని నన్ను అడిగే మర్యాద ఎవరికీ లేదు, వాడి తండ్రికి అసలే లేదు. మా ఆయన గుమ్మం పక్కన నిలబడి నాన్నగారు తల ఊపినప్పుడల్లా తలూపాడు. అయినా టీకా మంచిదే కదా అని నేనూ ఊరుకున్నాను. సత్తుపల్లి కాలేజీలో ఇంటర్ చదువుకున్నదాన్ని, ఆ మాత్రం తెలుసు.

ఉగాది వస్తోంది, వెంటనే శ్రీరామనవమి. సగం తండా భద్రాచలం కల్యాణానికి పోతుంది, మా మామగారూ పోతారు. కాబట్టి సూదులు నవమి వెళ్లాక అన్నారు. డాక్టరు బుడ్డీల పెట్టె ఫ్రిజ్జులో సర్ది హైదరాబాదు వెళ్లాడు. నేను పిల్లాణ్ణి తీసుకుని పండక్కి మా పుట్టింటికి వెళ్లి, నవమి అయిన మర్నాడు తిరిగొచ్చాను.

కింది తండాలో ఇప్పచెట్టు కింద మంచం వేశారు. తల్లులంతా అద్దాల రవికెలతో, గలగలలాడే గాజులతో వరసగా కూర్చున్నారు. వాళ్లలో మా ఇంట్లో పనిచేసే సోమ్లి ముందు కూర్చుంది, ఒళ్లో దాని కూతురు మోతి. మోతి, మా కోదండం ఒక ఈడువాళ్లు. మా పెరట్లో బోరింగు దగ్గర బురదలో ఇద్దరూ కలిసి పాకేవాళ్లు. అత్తగారు చూసినప్పుడు కోదండాన్ని మాత్రం ఎత్తి కడిగేవారు.

డాక్టరు ఒక బుడ్డీలో నీళ్లు కలిపి సూదిలోకి లాగాడు. ముందు కోదండం. వాడు ఊరు ఎగిరిపోయేలా ఏడ్చాడు. మా మామగారు చప్పట్లు కొట్టారు. అదే బుడ్డీలోంచి రెండోది మోతి. అది ఏడవనే లేదు. వీడి ఏడుపు చూసి కిలకిల నవ్వుతూ డాక్టరు జేబులో పెన్ను లాగేసుకుంది.

"గట్టిపిండమే నీ బిడ్డ" అన్నాను సోమ్లితో.

"మా అమ్మ మొండిదేనమ్మా. దీనిగ్గూడ గదే వచ్చింది" అంది సోమ్లి, పెన్ను విడిపించలేక అవస్థపడుతూ.

కోదండానికి రక్తం తీయలేదు. వాడు లెక్కలో లేడట. నాకు అప్పుడది మంచిదే అనిపించింది.

మణుగూరు వైపు ఏదో పెళ్లికి వెళ్లొచ్చినవాళ్లతో తట్టు కింది తండాకి దిగింది. ఎండలు చూస్తే రాళ్లు పగిలేలా ఉన్నాయి. ఒక గుడిసెలో మొదలై పక్కదానికి, పక్కదాన్నుంచి ఆ పక్కదానికి. సూది వేయించుకున్న పిల్లలకి రాదు కదా అని నేను ధైర్యంగా ఉన్నాను. ఒక పొద్దున కోదండం కళ్లు ఎర్రబడ్డాయి. ముక్కు కారింది, ఒళ్లు పెనంలా కాలింది. ఆ తరవాత చెవుల వెనక మొదలై ఒళ్లంతా ఎర్రగా పేలింది. అదే వారంలో మోతికీ పేలింది. సోమ్లి పనిలోకి రావడం మానేసింది.

మా అత్తగారు కంగారు పడలేదు. గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో తాలింపు మాన్పించి, మనవడి పక్కన కూర్చుని వేపకొమ్మతో విసురుతూ, ఎంతో తృప్తిగా అన్నారు.

"ఆ గుడ్డుమందు పొడిపించారు కదుటే అమ్మాయ్, అమ్మవారికి కోపం రాదూ? నేను రామనవరాత్రుల్లో దాన్ని ఇంట్లో ఉంచలేదు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇంకెంత ఉపద్రవం వచ్చేదో!"

నాకు ముందు అర్థం కాలేదు. "ఇంట్లో ఉంచలేదా? మరెక్కడ పెట్టారత్తయ్యా?"

"గొడ్లచావిట్లో. ఉగాది నుంచి నవమి దాకా ఈ ఇంట్లోకి నీచు రాకూడదని నా మొక్కు. నీకు తెలీదూ? దేవుడి పాలూ పెరుగూ ఉన్నచోట కోడి ఏమిటి! పెట్టె తీసి గొడ్లచావిట్లో పెట్టాను. డాక్టరొచ్చే ముందు పసుపునీళ్లు చల్లి మళ్లీ లోపల పెట్టాను."

"అత్తయ్యా... అది చల్లగా ఉండాలి కదా!"

"నాకు తెలీదనుకున్నావా? తడిగోనె కప్పాను. రెండు పూటలా నీళ్లు చల్లాను కూడా. చల్లగా నవనవలాడుతూ ఉంది."

ఆవిడ మొహంలో ఎక్కడా తప్పు చేసిన ఛాయ లేదు. ఒక చేత్తో దేవుణ్ణి, ఒక చేత్తో డాక్టర్ని నిలబెట్టానన్న గర్వం. మా గొడ్లచావిడికి పెంకుల కప్పు. ఆ ఎండల్లో దాని కింద గేదెలు నాలుకలు బయటపెట్టి రొప్పేవి. అక్కడ తడిగోనె! చచ్చిన మందు నా కొడుక్కి పొడిచారు, మోతికి పొడిచారు, తండా పిల్లలందరికీ పొడిచారు. మిగిలిన బుడ్డీలు ఇంకా ఫ్రిజ్జులో ఊలు గుడ్డ కింద భద్రంగా ఉన్నాయి, పై తండా పిల్లల కోసం.

మామగారికి చెప్పాను. ఆయన మొదట వీధి తలుపు మూశారు, తరవాత నా నోరు మూయించారు.

"ఈ మాట గడప దాటిందంటే చూడు. మా ఇంట్లో పెట్టిన మందు పాడైందంటే నాకు ఓటెవడేస్తాడు? ఆడంగులు ఆడంగుల్లా ఉండండి."

మా ఆయనకి చెప్పాను. "నేను నాన్నగారితో మాట్లాడతాలే" అని మోటారు చూసొస్తానంటూ తోటకి వెళ్లాడు. చీకటి పడ్డాక వచ్చి, అన్నం తిని, పడుకున్నాడు. మాట్లాడటం ఎక్కడ జరిగిందో నాకు తెలియదు. ఆ మోటారుతో మాట్లాడాడేమో.

కోదండం తేరుకున్నాడు. ఒంటి మీద ఎరుపు పోయి మచ్చలు నల్లబడి పొట్టు రాలుతోంది. మోతికి మాత్రం జ్వరం గుండెల్లోకి దిగింది. రెండో రక్తం కోసం డాక్టరు జీపు వచ్చిన రోజున నేను కింది తండాలో సోమ్లి గుడిసె ముందే ఉన్నాను. మోతి పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్లు తెరవడం లేదు. సోమ్లి మొగుడు రూప్లా గుడిసె గుంజకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

తండాలో అమ్మ ఉందని దారికి అడ్డంగా వేపమండల తాడు కట్టారు. బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. నేను ముందే తట్టు పోసుకున్నదాన్నని, నా కొడుకు కూడా పోసుకున్నాడని చెబితేనే నన్ను రానిచ్చారు. డాక్టరు ఆ తాడును రెండు వేళ్లతో ఎత్తి, సాలెగూడు తప్పించుకున్నట్టు తప్పించుకుని, బూట్లతో నడిచొచ్చాడు.

పిల్లల్ని చూస్తుంటే ఆయన మొహం వెలిగిపోయింది. ఏం చెప్పమంటారు? పండక్కి కొత్త బట్టలు చూసిన మొహం అది.

"టీకా వేసినా ఇంతమందికి వచ్చిందా! ఆశ్చర్యం! చాలా ఆశ్చర్యం!" అంటూ ఒక్కొక్కరి చేతిలోంచి రక్తం లాగాడు. మోతి దగ్గరికొచ్చాడు. దాని చెయ్యి వేలాడుతోంది. ఎక్కడ పొడవాలో దొరక్క మూడు చోట్ల పొడిచాడు. అది ఈసారీ ఏడవలేదు. ఏడవడానికి ఊపిరేది?

సోమ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. "సారూ, పిల్ల ఊపిరి గుంజుతాంది. నీ జీపుల కొత్తగూడెం దవాఖాన్ల ఏస్తవా సారూ? జర పుణ్యముంటది."

"ఇది రీసెర్చి జీపమ్మా. ఈ రక్తం ఐసు కరిగేలోపల హైదరాబాదు చేరాలి. లేకపోతే ఇంత శ్రమా వృథా" అన్నాడు డాక్టరు, గొట్టాలు మంచులో గుచ్చుతూ.

"కొత్తగూడెం మీదుగానే కదండీ వెళ్లేది!" అన్నాను నేను.

"ఇన్ఫెక్షన్ ఉన్న పిల్లని శాంపిల్స్ పక్కన పెట్టుకుని పోకూడదండీ. రూల్సు ఉంటాయి" అని డ్రైవరుకి చెయ్యి ఊపాడు. జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. మోతి రక్తం మంచులో చల్లగా హైదరాబాదు పోయింది. మోతి మాత్రం గుడిసెలో కాలిపోతూ ఉంది.

నేను ఇంటికి పరుగెత్తి మామగారిని కారు అడిగాను. "అమ్మవారు పోసిన పిల్లని కార్లోనా? మీ అత్తయ్య ఒప్పుకుంటుందా?" అన్నారు. పొలం మీద పెత్తనం, ఊరి మీద పెత్తనం, ఇక్కడికొచ్చేసరికి అత్తయ్య ఒప్పుకోవాలి! రూప్లా ఇంకెవరి కోసమూ ఆగలేదు. సాయంత్రమే ఎడ్లబండి కట్టాడు.

రక్తాన్ని డ్రైవరుతో పంపేసి డాక్టరు ఆ పూట మా ఇంట్లో ఆగాడు. మర్నాడు పై తండాలో సూదులు. సావిట్లో ఫ్రిజ్జు పక్క కుర్చీలో కూర్చుని, చెగోడీలు నములుతూ మామగారికి తన సిద్ధాంతం వినిపించాడు.

"ఈ జాతి పిల్లల ఒంట్లో టీకా పట్టదండీ. రక్తంలోనే ఏదో తేడా ఉంది. తరతరాలు అడవిలో విడిగా బతికినవాళ్లు కదా! ఇది ఎవరూ రాయలేదు, నేనే మొదటివాణ్ణి. రేపు పై తండాలో కూడా ఇలాగే వస్తే ఇక తిరుగులేదు."

"రావాలని కోరుకుంటున్నారా?" అన్నాను నేను గుమ్మంలోంచి.

మామగారు ఉరిమి చూశారు. నేను ఆగదలుచుకోలేదు. నవరాత్రులు, గొడ్లచావిడి, తడిగోనె, అన్నీ చెప్పాను. మా అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసి "రెండు పూటలా నీళ్లు చల్లాను నాయనా" అని సాక్ష్యం కూడా చెప్పారు.

డాక్టరు నమలడం ఆపాడు. ఫ్రిజ్జు వైపు చూశాడు. పై పెదవి మీద చెమట పట్టింది. ఆయనకి అర్థమైంది. ఈనాటికీ నేను ఎవరి మీదైనా ఒట్టేసి చెబుతాను, ఆ మనిషికి మొత్తం అర్థమైంది. ఆ తరవాత మళ్లీ నమలడం మొదలుపెట్టాడు.

"తడిగుడ్డ కప్పారు కదా. ఏమీ కాదు."

"ఏమీ కాకపోతే మా వాడికెందుకు వచ్చింది? మోతికి వేసిన బుడ్డీయే మా వాడికీ వేశారు. మా వాడి రక్తంలోనూ తేడా ఉందా?"

"మీ బాబు మా లెక్కలో లేడమ్మా" అన్నాడు చేతులు దులుపుకుంటూ. "మీరు అనవసరంగా మనసు పాడుచేసుకోకండి."

తూ! అంత చదువూ చదివి, అంత దూరం వచ్చి, ఒక ముసలమ్మ తడిగోనె కింద దూరి దాక్కున్నాడు.

పొద్దున్నే నేను కోదండాన్ని చంకనేసుకుని గుట్టదారి పట్టాను. వాగు దాటుతుండగా ఎదురుగా రూప్లా బండి వచ్చింది. ఇంత తొందరగా కొత్తగూడెం వెళ్లి రావడం ఎలా అనుకున్నాను. రూప్లా ఎడ్ల ముందు నడుస్తున్నాడు, తల ఎత్తలేదు. బండిలో సోమ్లి కూర్చుని ఉంది, ఒళ్లో పాత చీరె చుట్టిన మూట. టేకులపల్లి అయినా చేరలేదట. సోమ్లి నన్ను చూసింది, నా చంకలో కోదండాన్ని చూసింది. వాడు అలవాటు కొద్దీ మూట వైపు చెయ్యి చాపి "మో" అన్నాడు. సోమ్లి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను బండి చక్రం పట్టుకుని ఏడ్చాను. బండి కదిలిపోయింది.

పై తండా మొదట్లోనూ వేపతాడు కట్టి ఉంది. రోగం లోపల లేదు, లోపలికి రాకూడదని కట్టారు. డాక్టరునీ మా మామగారినీ మాత్రం సూదుల కోసమని తాడు ఎత్తి రానిచ్చినట్టున్నారు. మంచం మీద బుడ్డీలు పెట్టి ఉన్నాయి. తల్లులు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. తాళ్లు కట్టాక గుట్ట దిగని హాతీరాం నాయక్, కింద ఎవరెవరికి పోసిందో తెలియక, అడుగుతున్నాడు.

"రావుగారి మనవడేడి? ముందుగాల ఆయన గదా."

"వాడికి జ్వరం నాయక్. ఈసారికి కానీ" అన్నారు మా మామగారు.

నేను తాడు దాటలేదు. అవతలే ఆగి పిలిచాను. "నాయక్! ఇటొచ్చి చూడు."

ఆయన మెల్లగా నడిచొచ్చాడు. నేను కోదండం చొక్కా పైకి లాగాను. వీపు నిండా నల్లమచ్చలు, రాలుతున్న పొట్టు. "సూది వేయించుకున్నాకే వీడికి పోసింది. మోతికి పోసింది. మోతి రాత్రి బండిలోనే పోయింది. ఆ మంచం మీదున్న బుడ్డీలూ అదే పెట్టెలోవి. మా ఇంట్లో వేడి తగిలి మందు చచ్చిపోయింది."

"పద్మావతీ!" అని అరిచారు మా మామగారు. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు, అదే ఆఖరు.

నాయక్ పిల్లాడి వీపు మీద చేత్తో నిమిరాడు. వేళ్లకి అంటిన పొట్టును చూసుకున్నాడు. వెనక్కి తిరిగి తమ భాషలో చిన్నగా ఏదో అన్నాడు. తల్లులు లేచారు. ఒక్కరూ గొడవపడలేదు, ఒక్కరూ తిట్టలేదు. పిల్లల్ని చంకనేసుకుని ఎవరి గుడిసెలోకి వాళ్లు వెళ్లిపోయారు. చెట్టు కింద మంచం, మంచం దగ్గర డాక్టరు మిగిలారు.

"నాయక్, నువ్వన్నా నా మాట విను. ఆవిడకేం తెలుసు?" అన్నాడు డాక్టరు.

"బాయి తవ్వించినోడే తాగి కక్కుకున్నడు సారూ. ఇగ మేమెందుకు తాగుతం? పోయిరాండ్రి" అన్నాడు నాయక్.

వానలు పడేదాకా పై తండావాళ్లు ఆ తాడు తీయలేదు. పెళ్లిళ్లకి పోలేదు, సంతకి పోలేదు, కూలికి కూడా దిగలేదు. తట్టు గుట్ట ఎక్కలేదు. వానాకాలంలో ఆసుపత్రి నర్సమ్మ మంచుడబ్బా భుజానేసుకుని, కొత్త టీకా పట్టుకొచ్చింది. నాయక్ తన పాత షరతే పెట్టాడు. ఆవిడ నవ్వి, ముందు తన చంకలోని బిడ్డకే పొడిచింది. ఆ తరవాత తండా అంతా చేతులు చాపింది. ఆ పని అంత సులువు.

మా ఇంట్లో ఆ రోజు నుంచి మామగారు నాతో మాట్లాడలేదు. నేను ఆయనకి అన్నం పెట్టి గోడతో చెప్పినట్టు చెప్పేదాన్ని. దీపావళి లోపలే వేరుపడ్డాం. వెనక గదులు మా వాటాకి వచ్చాయి, సావిడి మాత్రం ఉమ్మడి. కొత్త పొయ్యిని మా ఆయనే మోసుకొచ్చి పెట్టాడు. పెళ్లయ్యాక ఆయన నాన్నగారిని అడక్కుండా చేసిన పని అదొక్కటే. సోమ్లి కొన్నాళ్లు తోటలకి కూలికి పోయి, మిరప పని అయిపోయాక మళ్లీ మా దగ్గరికే వచ్చింది. కోదండాన్ని ఎత్తుకునేది కాదు. వాడు కాళ్లకి చుట్టుకుంటే నెమ్మదిగా విడిపించుకుని పక్కకి పెట్టేది.

మరుసటి ఎండాకాలం డాక్టరు దగ్గర్నుంచి పోస్టు వచ్చింది. ఆయన రాసింది ఏదో విదేశీ పత్రికలో పడిందట. లంబాడీ పిల్లల రక్తం గురించి పేజీలకి పేజీలు. ఆఖరి పేజీలో కృతజ్ఞతలు. మండలాధ్యక్ష పదవి దక్కని మా మామగారికి ఆ పేజీయే పదవి అయింది. తన పేరు కింద ఎర్రసిరాతో గీత గీయించి, కొత్తగూడెం పంపి అద్దం కట్టించి, సావిట్లో ఫ్రిజ్జు పైన మేకు కొట్టి తగిలించారు. వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించేవారు. అత్తగారు పక్కన నిలబడి సిగ్గుపడేవారు.

ఒకరోజు సోమ్లి సావిడి ఊడ్చి, పాతగుడ్డతో కుర్చీలు తుడిచి, ఫ్రిజ్జు తుడిచి, ఆ అద్దం దగ్గర ఆగింది.

"గిదేందమ్మా? దొర అందరికీ సదివి జెప్తడు, నాకు సమజైతలేదు."

"ఆ డాక్టరు రాసిన కాగితం."

"ఏం రాసిండు?"

చదివాను. టీకా మందును అడవి ప్రాంతంలో ఎంతో శ్రద్ధగా, చల్లగా భద్రపరిచినందుకు శ్రీ వెంకటరామారావు గారికీ, వారి శ్రీమతి గారికీ ధన్యవాదాలు. అంతకు తక్కువా లేదు, ఎక్కువా లేదు.

సోమ్లి గుడ్డ చేత్తో పట్టుకుని వింది. "మా మోతి నెత్తురు కొంటవోయిండు గద. దాని పేరు రాసిండా?"

"లేదు."

"యాడన్న లేదా?"

"ఎక్కడా లేదు సోమ్లీ."

గుడ్డను నడుముకి దోపుకుంది.

"అట్లయితే గీ అద్దం నేను తుడువనమ్మా. ఎవలది వాళ్లు తుడుసుకోండ్రి."

లోపల్నుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "ఏమిటే అమ్మాయ్, ఏమంటోంది అది?"

"అద్దం తుడవనంటోంది" అన్నాను.

"ఓసి దాని పొగరు! పోనీ నువ్వు తుడువు మరి, ఎవరో వస్తున్నారట సాయంత్రం."

సోమ్లి చీపురు తీసుకుని వాకిట్లోకి నడిచింది. నేను కళ్లాపి బకెట్టు పట్టుకుని దాని వెనకే వెళ్లాను. నేనూ తుడవలేదు.